గుడ్డ వెల తెలిసిన మనిషి

ఆయన పోయిన సంగతి నాకు దారాల కొట్లో తెలిసింది. తెల్లదారం ఉండలు పన్నెండు, దబ్బనాలు రెండు కావాలని చెప్పి నిలబడ్డాను. కొట్టావిడ డబ్బాలోంచి దారాలు ఏరుతూ, "మీ కట్‌పీసుల షాపు పెద్దాయన పోయాడంటగా టీచరుగారూ" అంది. సాయంత్రం వానొస్తదంటగా అన్నంత మామూలుగా అంది. ఎప్పుడని అడిగితే నెల దగ్గర పడిందేమో అంది. "దగ్గు మనిషేగా, పాపం" అని దారాలు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

నేను దబ్బనాలు అక్కడే మర్చిపోయి వచ్చాను.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. షాపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. ఓనరు "ఏవయ్యా" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు "పెద్దాయనా" అనేవాళ్ళు. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు, నేను అప్పటికి టీచర్ని కాకపోయినా. కరోనాలో మూతపడ్డ మా ప్రైవేటు స్కూలు మళ్ళీ తెరిచినప్పుడు, తెలుగు చెప్పడానికి ఒకరు చాలన్నారు. ఆ ఒకరు నేను కాలేదు. మావారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఇల్లు ఎలాగో గడిచేది గానీ, పొద్దున ఎనిమిదింటికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదన్న సంగతి నన్ను తినేసేది. అందుకని పసిపిల్లల బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్న పని అదొక్కటే.

మా అమ్మ పాత చీరలతో కుట్టేది. ఇప్పుడు పాత చీరలంటే ఎవరూ ఒప్పుకోరు. బ్రాడీపేట ఆసుపత్రుల్లో పురుడు పోసుకున్నవాళ్ళు బొంత చేత్తో పట్టుకుని, బుగ్గకి ఆనించి చూసుకుని, చివర్లో "కొత్త గుడ్డేగా?" అని అడుగుతారు. కొత్త గుడ్డ, అదీ అచ్చమైన నూలు, అదీ నా బొంత రేటుకి గిట్టేది ఎక్కడ దొరుకుతుందని తిరిగి తిరిగి, పాత గుంటూరులో ఒక ఇరుకు సందులోని కట్‌పీసుల షాపు మెట్లెక్కాను. తానులు తెగ్గోయగా మిగిలిన ముక్కలు, మిల్లులు వద్దని తోసేసిన సరుకు అక్కడ కుప్పలు పోసి అమ్ముతారు.

అన్ని షాపుల్లో "రండి రండి" అంటారు. ఈయన "దేనికమ్మా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. గుడ్డకి అన్నాను.

"గుడ్డకే. ఆ గుడ్డ దేనికి? లంగాకా, లైనింగుకా, దిండు గలీబుకా?"

బొంతకి అని చెప్పి, నాకు నచ్చిన ముక్క చూపించాను. లేత పసుపు మీద చిన్న చిన్న చిలకలు. పట్టుకుంటే వెన్నలా ఉంది. మీటరు నలభై అని చీటీ అంటించి ఉంది. ఆయన ఆ ముక్క అంచులోంచి ఒక పోగు లాగి, నన్ను మెట్ల మీదకి రమ్మని సైగ చేసి, అగ్గిపుల్ల గీశాడు. పోగు ముడుచుకుని, చిట్టి నల్లపూసలా గట్టిపడింది. తర్వాత ఇంకో కుప్పలోంచి, చూపుకి ఏమీ బాగోని కోరా రంగు ముక్కలోంచి పోగు లాగి కాల్చాడు. అది కాగితంలా మండి, వేళ్ళ మధ్య బూడిదై రాలింది.

"ఇది నూలు. మీటరు అరవై. అది నలభైకి చవకనుకుంటన్నావు. పసిబిడ్డకి చెమట పోస్తే పీల్చని గుడ్డ నాలుగు రూపాయలకిచ్చినా ఖరీదే" అన్నాడు.

లోపల గల్లాపెట్టె దగ్గర ఓనరు మా వైపే చూస్తున్నాడు. ఆయన అటు తిరిగి గట్టిగా, "అమ్మగారికి అరవై రకం ఆరు మీటర్లు" అన్నాడు. ఆరు మీటర్లు కావాలని నేను అనలేదు. కానీ సరిగ్గా ఆరే కావలసి వచ్చింది.

సన్నటి మనిషి. ఎండాకాలమైనా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. ఎడమచేతి బొటనవేలి గోరు కాస్త పెంచేవాడు. ఆ గోటితో గుడ్డ మీద గీరితే, గంజి ఉంటే తెల్లగా పొడిలా రాలేది, లేకపోతే రాలేది కాదు. ట్యూబులైటు కింద గుడ్డ చూడనిచ్చేవాడు కాదు. పెళ్ళికూతుర్ని చూడటానికెళ్ళి దీపం వెలుగులో చూసినట్టే అది అనేవాడు. ఎవరొచ్చినా ముక్క పట్టుకుని మెట్ల మీదకి, ఎండలోకి. ఒక్కోసారి మెట్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు గుడ్డలు ఎత్తి పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ ఉండేవాళ్ళు. దారిన పోయే ఆటోవాళ్ళు ఏంటో అనుకుని తలెత్తి చూసేవాళ్ళు.

దగ్గు చిన్నప్పటిది. వాళ్ళది దూదేకుల ఇల్లు. అద్దంకి అవతల ఒక పల్లె. వాళ్ళ నాన్న చలికాలం ముందు ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టిచ్చేవాడట. ఏకిన దూది గాల్లో లేచి చీకటి గదిలో మంచులా తేలుతుంటే, దాని కింద పడుకుని నిద్రపోయేవాణ్ణని చెప్పాడు. "అప్పుడు మింగింది ఇప్పుడు బయటికి రానంటది" అని ఛాతీ మీద తట్టుకునేవాడు. మా అమ్మావాళ్ళ ఊరు కూడా అద్దంకి పక్కనే అని తెలిసినప్పటి నుంచి నామీద ఆయనకొక అభిమానం. "మీ ఊళ్ళో పెద్దరైతులకి పరుపులు మేమే కుట్టాం. మీ ఇంట్లో కుట్టలేదు. మీ ఇంటి పేరు వినలేదు" అన్నాడు. నిజమే. మా ఇంట్లో పరుపు కుట్టించుకునే స్తోమత ఎప్పుడూ లేదు. ఆ మాట నేను చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది.

స్పంజి పరుపులు వచ్చాక ఏకేవాళ్ళకి పని పోయింది. ఈయన గుంటూరు వచ్చి ఈ షాపులో చేరాడు. కనబడ్డ ప్రతిదానికీ మనసులో వెల కట్టడం అలవాటు. ఎదురుగా మనిషి వెళ్తుంటే చొక్కా చూసి, "నూట పాతిక పెట్టి ఉంటాడు. డెబ్బై చాలు" అనేవాడు. వెక్కిరింతగా కాదు, ఆ డెబ్బైకీ నూట పాతికకీ మధ్య ఎవరో నష్టపోయారన్నట్టు దిగులుగా అనేవాడు. టీ తాగితే టీ గ్లాసుకి, అరటిపండు తింటే తొక్కకి కూడా వెల కట్టేవాడేమో అని నాకు నవ్వొచ్చేది.

నాకు ఆయన మీద ఒకసారి బాగా కోపం వచ్చింది. అది చెప్పాలి.

చేత్తో నేసిన నూలు గుడ్డతో బొంత కుడితే మంచి గిరాకీ ఉంటుందని నాకు ఆశ పుట్టింది. కానీ ఆ గుడ్డ కొని కుడితే గిట్టదు. ఆయన్ని అడిగాను. మగ్గం మీద చివర మిగిలిన ముక్కలు, రంగు కారినవి, పోగు తప్పినవి నేసేవాళ్ళ ఇళ్ళల్లోనే తూకానికి దొరుకుతాయని చెప్పి, ఒక ఆదివారం నన్ను మంగళగిరి తీసుకెళ్ళాడు. ఆయన బస్సులో వెనక నిలబడ్డాడు, నేను ముందు కూర్చున్నాను. దిగాక నాలుగడుగులు ముందు నడిచాడు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ఆయనకి నాకంటే ఎక్కువ జాగ్రత్త.

ఒక ఇంట్లో మగ్గం గుంట పక్కన మూటగట్టిన ముక్కలు ఉన్నాయి. ఆ ఇంటావిడ మూట విప్పి మూడొందలంది. ఎండలో ఎత్తి చూశాను. మంచి గుడ్డ. ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు, అంచుల్లో సన్నటి చారలు. అయినా బేరం ఆడకపోతే ఎలా అని రెండొందలు అన్నాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "సరేనమ్మా, ఇవ్వండి" అంది. నాకు లోపల సంబరం. పర్సు తెరిచాను.

బాబాయిగారు మూట మీద చెయ్యి పెట్టాడు. "మూడొందల యాభై ఇవ్వు టీచరమ్మా."

నేను, ఆవిడ, ఇద్దరం ఆయన వైపు చూశాం. ఆవిడ అడిగిన దానికంటే యాభై ఎక్కువ. పరాయి ఇంట్లో ఏమీ అనలేక మూడొందల యాభై ఇచ్చేశాను. బస్‌స్టాండులో మాత్రం ఊరుకోలేదు.

"మీరు ఎవరి తరఫున వచ్చారు బాబాయిగారూ? నేను బేరమాడితే మీరు పెంచుతారా?"

"ఆ మూట మూడొందల యాభై పలుకుద్ది. గుంటూరులో అయితే ఐదొందలు."

"ఆవిడ మూడొందలే అడిగిందిగా!"

"అడిగింది. నువ్వు రెండొందలంటే మారు మాట్లాడకుండా ఇచ్చింది. ఎందుకిచ్చింది? ఇంట్లో ఏదో అవసరం ఉండబట్టి. ఎదుటోళ్ళ అవసరం చూసి కట్టింది రేటు కాదమ్మా." దగ్గు వస్తే ఆగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్ళీ అన్నాడు. "ఇచ్చినోళ్ళూ పుచ్చుకున్నోళ్ళూ రేపు దారిలో ఎదురుపడితే మొహం తిప్పుకోకుండా పోగలగాల. అదీ రేటంటే."

ఆ ముక్కలతో కుట్టిన బొంతలు రెండు రోజుల్లో అమ్ముడుపోయాయి. అయినా ఆ నూట యాభై నాకు చాలా కాలం గుచ్చుకుంది. చవగ్గా కొనడం నేర్పుతాడని ఆయన వెంట పడ్డాను. ఆయనకి చవక అన్న మాటే గిట్టదని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతి ఏడాది వానలు బాగా పడ్డాయి. సందుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. నీళ్ళు తగ్గాక నేను షాపుకి వెళితే బయట పెద్ద కాగితం అంటించి ఉంది: భారీ తగ్గింపు. లోపల మల్లుగుడ్డ తానులకి తానులు, తెల్లగా, కొత్తగా, ఇస్త్రీ మడతలతో. సగం ధర. నా ప్రాణం లేచొచ్చింది. ఇరవై మీటర్లు తీసుకుంటే ఆర్నెల్లు చూసుకోనక్కర్లేదు. ఒక తాను రెండు చేతులా ఎత్తుకున్నాను.

బాబాయిగారు ఎవరికో కొలుస్తున్నవాడల్లా మీటరు కడ్డీ కింద పెట్టి వచ్చాడు. నా చేతుల్లోంచి తాను తీసుకుని, "ఇది మీకు బాగోదు. ఇంకోటి చూద్దురు గాని" అని పైకి అని మెట్ల మీదకి నడిచాడు. గోటితో గీరాడు. తెల్లపొడి రాలింది. రాలుతూనే ఉంది. గంజి రాలిపోయిన చోట గుడ్డని నా ముక్కు దగ్గర పెట్టాడు. తడిసి మగ్గిన గోనెసంచి వాసన.

"గోడౌన్లో మూడు రోజులు నీళ్ళల్లో ఉంది" అన్నాడు, పెదవులు కదలనట్టుగా. "ఎండేసి, గంజి పెట్టి, ఇస్త్రీ కొట్టారు. రెండు ఉతుకులకి పోగు చిట్లిద్ది. పసోళ్ళ ఒంటికి ఏవన్నా వస్తే మనం చూడలేం. తీసుకోమాక."

ఎవరికీ చెప్పొద్దని ఆయన అనలేదు. నాకు అంత విడమర్చి చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆయన అనుకోలేదు.

మాకొక వాట్సాప్ గ్రూపు ఉండేది. బొంతలు, పిల్లల గౌన్లు, దిండు గలీబులు కుట్టుకునే ఆడవాళ్ళం పదిహేను మందిమి దాకా. గుడ్డ ఎక్కడ చవక, లేసులు ఎక్కడ బాగుంటాయి, అవే మాటలు. ఆ మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే ప్రమీల అనే ఆమె అందులో మెసేజ్ పెట్టింది, ఆ షాపులో సగం ధరంట, రేపు అందరం కలిసి వెళ్దామా అని. ఒకరి తర్వాత ఒకరు సరే సరే అన్నారు. చేతికి అన్నం ఉంది, టైపు చెయ్యలేను. ఎడమ చేత్తో బటను నొక్కి పట్టుకుని మాట్లాడాను.

వెళ్ళొద్దని చెప్పాను. గోడౌన్లో నానిన గుడ్డ అని చెప్పాను. అక్కడితో ఆపితే సరిపోయేది. అది చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. పదిహేను మంది కుట్టే గుడ్డ ఎంతమంది పిల్లల ఒంటి మీదకి వెళ్తుంది! కానీ ప్రమీల వెంటనే, "మీకెట్టా తెలుసక్కా, చూడ్డానికి బానే ఉందన్నారే" అంది. నా మాట నమ్మలేదన్న ఉక్రోషం. మళ్ళీ బటను నొక్కాను.

"నా అంతట నేను కల్పించి చెప్తానా ప్రమీలా? షాపులో పెద్దాయనే చెప్పాడు. గంజి గీరి వాసన చూపించాడు. ఆయన కంటే తెలిసినవాళ్ళెవరు?"

నా మాటకి బరువు రావాలని ఆయన్ని తెచ్చి దాని మీద పెట్టాను. అంతే. తర్వాత మిగిలిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కుట్టుకుంటూ కూర్చున్నాను.

పది పన్నెండు రోజుల తర్వాత షాపుకి వెళితే ఆయన లేడు. మీటరు కడ్డీ ఒక కొత్త అమ్మాయి చేతిలో ఉంది. "రండి మేడం, ఏం చూపించమంటారు?" అంది. పెద్దాయనేడని అడిగాను. అమ్మాయి ఓనరు వైపు చూసింది. ఓనరు గల్లాపెట్టె మూసి లేచొచ్చాడు. నన్ను ఆయన ఎప్పుడూ మర్యాదగానే చూసేవాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషిని ఎన్నాళ్ళు పెట్టుకోమంటారండీ? ఇద్దరు ఆడవాళ్ళు కొన్న గుడ్డ తెచ్చి నా మొహాన కొట్టారు. మీ పెద్దాయనే చెప్పాడంటగా, ఊరంతా అనుకుంటన్నారు అన్నారు. ఊరంతానంట! నాకు నీళ్ళల్లో పోయిన సరుకు ఎంతో మీకు తెలుసా? కాలవలో పోసుకోమంటారా దాన్ని? ఇంతకాలం అన్నం పెట్టాను. ఒక్క మాట నాతో అని ఉంటే పోయేది. ఊళ్ళో వాళ్ళకి చెప్పటమేంది?"

"ఆయన ఏమన్నాడు?" అన్నాను.

"ఏమంటాడు! నేను ఎవరికీ చెప్పలేదని అన్లేదు. చెప్పానని అన్లేదు. చొక్కా గుండీ పెట్టుకుని మెట్లు దిగాడు."

ఊరంతా కాదండీ, చెప్పింది నేను అని అనాల్సిన చోటు అది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని రాసుకుంటే నాకు ఊరటగా ఉంటుంది. రాలేదు. నేను చేసిన పని, ఆ అమ్మాయి చూపించిన పాప్లిన్ గుడ్డ రెండు మీటర్లు కొనడం. దాన్ని ఎండలోకి కూడా తీసుకెళ్ళలేదు. ఆ పాప్లిన్ ఈనాటికీ కుట్టలేదు.

ఇంటికొచ్చి ఆ వాయిస్ మెసేజ్ తీసేద్దామనుకున్నాను. తీసేస్తే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. ఉంచేశాను.

మూడు వారాలకి ధైర్యం చేసి ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఊరి చివర కాలనీలో రేకుల ఇల్లు. ముందు వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అదే పొడుగు చేతుల చొక్కా. దిండ్లు కుట్టిచ్చే పని ఒకటీ అరా వస్తోందట. ఊరికే వచ్చానంటే బాగోదని నేను చేతిలో ఒక గుడ్డ ముక్క పట్టుకెళ్ళాను. వేరే షాపులో కొన్నాను, రేటు సరైందో కాదో చూసి చెప్పమన్నాను. అలా మాట మొదలుపెట్టి, అసలు సంగతి చెప్పేద్దామని.

ఆయన ఆ ముక్క వైపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"నాకు తెలవదు టీచరమ్మా."

"అదేంటి బాబాయిగారూ, మీకు తెలియకపోవడమేంటి?"

"గుడ్డ సంగతి ఇప్పుడు నాకు తెలవదు. షాపోళ్ళు ఎంత చెప్తే అంత" అన్నాడు. కోపంగా అనలేదు. కళ్ళు కనబడటం లేదని ఒక ముసలాయన చెప్పుకున్నట్టు అన్నాడు. నేను ఆ ముక్కని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

లోపల్నించి ఆయన భార్య టీ తెచ్చింది. పొట్టి మనిషి, నవ్వు మొహం. "ఈవిడేనా టీచరమ్మ!" అంటూ నా పక్కన నిలబడి ఏదో అడగబోయింది. ఆయన తలెత్తకుండానే, "నువ్వు లోపలికి పో. నాలుగు గోడల మధ్య మాట నాలుగు వీధులకి చాటింది చాల్లేదా?" అన్నాడు.

అంతదాకా నేను ఆయన నోట పరుషమైన మాట వినలేదు. ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. ఖాళీ పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట దేని గురించో నాకు అర్థం కాలేదని అప్పుడు అనుకున్నాను. అర్థం చేసుకోవడానికి భయపడ్డానంటే సరిగ్గా ఉంటుంది. టీ తాగాను. మళ్ళీ వస్తానన్నాను. "మంచిదమ్మా. ఎండలో తిరగమాక" అన్నాడు.

మళ్ళీ వెళ్ళలేదు. ఏడాదిన్నర. ఒకసారి లాడ్జి సెంటర్లో ఆయన దూదిమూట భుజాన వేసుకుని నడిచిపోవడం చూశాను. నేను ఆటోలో ఉన్నాను. ఆటో సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. పిలిస్తే వినపడే దూరం. ఫోన్ తీసి దాంట్లో ఏదో చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

దారాల కొట్లో ఆ సంగతి విన్న మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వేపచెట్టు కింద కుర్చీ లేదు. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చేట పక్కన పెట్టి, "రా అమ్మా" అని చాప వేసింది. చివరి రోజుల్లో ఊపిరాడక ఎంత అవస్థ పడ్డాడో, సర్కారాసుపత్రిలో ఎన్నాళ్ళున్నారో చెప్పింది. ఏడవలేదు. అలవాటైన మాటలు చెప్తున్నట్టు చెప్పింది.

నేను వింటూ వింటూ ఆమె చెయ్యి పట్టుకున్నాను. "పిన్నీ, ఒక మాట చెప్పాలి. షాపులో ఆ తడిసిన గుడ్డ సంగతి బయటికి పొక్కింది నా వల్ల. బాబాయిగారు నాకు చెప్తే, నేను ఫోన్లో నలుగురికి చెప్పాను. ఆయన పేరు చెప్పి చెప్పాను."

ఆమె చెయ్యి నా చేతిలో కదల్లేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"నువ్వా?"

"నేనే."

"ఆ రోజు ఇంటికొచ్చి నాతో కూడా అన్నాడు" అంది. "గుడ్డ నానిందే, పాడు గుడ్డ అమ్ముతున్నామే అని బాధపడ్డాడు. మర్నాడు పక్కింటి పిల్ల ఆ షాపుకే పోతన్నానంటే, వద్దులేవే ఇప్పుడు అన్నాను. అంతే అన్నాను. గుడ్డ నానిందని అన్లేదు. ఆయన చెప్పాడని అన్లేదు. అన్లేదనే అనుకుంటన్నా." ఆమె నా మొహంలోకి చూసింది. "పని పోయిన రోజు వచ్చి అడిగాడు, ఎవరితో అన్నావని. పక్కింటి పిల్లని పోవద్దన్నానని చెప్పా. అయితే నువ్వే అన్నాడు. నేను కాదంటే వినలా. ఏడాదిన్నర, అమ్మా. అన్నం పెడితే తినేవోడు. మందేస్తే మింగేవోడు. ఇంట్లో మాట మాత్రం నాతో చెప్పడం మానేశాడు. ఏదన్నా చెప్పబోయి, నన్ను చూసి ఆగిపోయేవోడు."

నేను ఆమె చెయ్యి వదిలేశాను.

"టీచరమ్మ అని ఉంటదేమోనని నేను ఒకసారి అన్నాను. చదువుకున్న మనిషి, ఆమె అట్టా అనదని కసిరాడు. నువ్వే నువ్వే అని ఆయన అనగా అనగా నాకూ అనుమానమొచ్చింది. నేనే అన్నానేమో, అని మర్చిపోయానేమో అని. ఆసుపత్రిలో ఆయన కాళ్ళు పట్టుకుని, నేనే అన్నాను, తప్పయింది, ఇంక మనసులో పెట్టుకోమాక అని చెప్పా. అప్పుడు నా తల మీద చెయ్యేశాడు."

"నువ్వేమన్నావు? ఏ మాటలన్నావు?" అని అడిగింది.

ఫోన్ తీసి, గ్రూపులో వెనక్కీ వెనక్కీ జరిపి, ఆ వాయిస్ మెసేజ్ వెతికాను. నొక్కాను. నా గొంతు, ఉక్రోషంగా, నోట్లో ముద్దతో: షాపులో పెద్దాయనే చెప్పాడు.

ఆమె తల ఒక పక్కకి వంచి విన్నది. "ఇంకోసారి పెట్టు" అంది. పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మూడోసారి విని, "ఇటియ్యి, ఎక్కడ నొక్కాల?" అని అడిగి ఫోన్ తీసుకుని లేచింది.

లోపలి గదిలో ఆయన మంచం ఉంది. మీద దుప్పటి మడిచి పెట్టి ఉంది. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని, ఫోన్‌ని తలగడ మీద పెట్టి నొక్కింది. నా గొంతు ఆ గదిలో మొదటి నుంచి చివరిదాకా మోగింది. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను.

అయిపోయాక ఆమె ఆ తలగడతో అంది.

"విన్నావా? నా గొంతు కాదు."